అంబాసిడర్ ఖాళీ బాడీని వంగకుండా ఎలా ఎత్తాలి?

మాది పర్లాకిమిడి. ఇంటి దగ్గరే పాత అంబాసిడర్ బాగు చేస్తున్నాను. ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్, తలుపులు తీసేశాను. దీనికి విడిగా ఛాసిస్ (కింది ఇనుప చట్రం) ఉండదు, బలమంతా బాడీదే. అందుకే భయం. ఎడమ తలుపుల కింద ఉండే బాడీ అంచు బాగా తుప్పు పట్టింది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడుతోంది.

ఆదివారం ముందూ వెనకా బెల్టులు వేసి చైన్ బ్లాక్‌తో (గొలుసు కప్పీ) ఎత్తాను. అరడుగు లేచేసరికి ఎడమ తలుపు ఖాళీ వెడల్పు పైభాగంలో 6 మిల్లీమీటర్లు తగ్గింది. వెంటనే దించేశాను. తర్వాత చెక్క దిమ్మలు పెట్టి రెండు జాకీలతో చూశాను, ముందు భాగం పక్కకు జారబోయింది. మా అబ్బాయి అక్కడే నిలబడి ఉన్నాడు. అంతే, ఆపేశాను.

బాడీని చేర్చాల్సిన షెడ్డు 20 అడుగుల దూరం, మట్టి నేల. తలుపు ఖాళీల్లో ఇనుప యాంగిల్ వెల్డ్ చేయించాక, బాడీ కింద సరిగ్గా ఏయే చోట్ల ఆధారం ఇచ్చి ఎత్తాలి?