మోర్గెన్ పేరున్న ‘కడరాత్రి భోజనం’ అచ్చు: పాతదేనా?

ప్రశ్న: ఫ్లోరెన్స్‌లో ఉంటున్నాను. ఇక్కడి పాత సామాన్ల సంతలో లియొనార్డో ‘కడరాత్రి భోజనం’ అచ్చు ఫ్రేముతో సహా కొన్నాను. బొమ్మ కింద లియొనార్డో పేరు పక్కన ‘పింక్సిట్’ అనీ, రఫాయెల్ మోర్గెన్ పేరు పక్కన ‘స్కల్ప్‌సిట్’ అనీ ఉంది. వెడల్పు 40 సెంటీమీటర్లు. రెండు వందల ఏళ్ల నాటిదని అమ్మినాయన అన్నాడు. అంచుల్లో గోధుమరంగు మరకలున్నాయి. నిమ్మరసంతో తుడవవచ్చా?

జవాబు: ఆ నిమ్మకాయను పులిహోరకు వాడుకోండి. పులుపు కాగితాన్ని తినేస్తుంది.

పింక్సిట్ అంటే రంగుల్లో చిత్రించినవాడు, స్కల్ప్‌సిట్ అంటే రేకు మీద చెక్కినవాడు. వీళ్లిద్దరి మధ్య మత్తెయిని అనే మూడో పేరు కూడా ఉండాలి. మిలాన్ మఠం భోజనశాల గోడ మీద లియొనార్డో వేసిన చిత్రాన్ని కాగితం మీదికి నమూనాగా దించింది ఆయనే. ఆ నమూనా చూసి మోర్గెన్ రాగి రేకు మీద చెక్కాడు. అచ్చు 1800లో వెలువడింది. అప్పటికి గోడ మీది రంగు పెచ్చులూడిపోయింది. 1652లో తలుపు కోసం గోడ కొట్టినప్పుడు క్రీస్తు పాదాలూ పోయాయి. మిలాన్ వెళ్లలేని వాళ్లెందరికో ఈ అచ్చే ‘కడరాత్రి భోజనం’ అయింది. గిరాకీని బట్టే నకళ్లూ పుట్టుకొచ్చాయి.

మీరు చెప్పిన కొలత దగ్గరే నాకు అనుమానం. మోర్గెన్ అచ్చు దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. రాగి రేకు సగానికి కుంచించుకుపోదు కదా! పది రెట్ల భూతద్దంతో, క్రీస్తును పట్టించిన శిష్యుడు యూదా చేతిలోని డబ్బు సంచి చూడండి. ఉలితో చెక్కిన గీత సన్నగా మొదలై, నడుమ లావై, సూదిమొనలా ముగుస్తుంది. వరుసగా చుక్కలు కనబడితే అది ఫొటో తీసి అచ్చువేసినది.

ప్రశ్న: చూశాను, అన్నీ చుక్కలే! కానీ బొమ్మ చుట్టూ రేకు నొక్కిన గుర్తు ఉందే?

జవాబు: ఆ నొక్కు ఒక్కటే చూసి నమ్మకూడదు, పాతదానిలా కనబడాలని ముద్రణ తర్వాత విడిగా నొక్కినవీ ఉన్నాయి.

మరొకరు: మరకలు వెనక ఉన్న చవక అట్ట వల్ల వచ్చి ఉంటాయి. ఫ్రేము విప్పి, ఆమ్లం లేని అట్ట మార్చండి. సెల్లోటేపు మాత్రం అంటించకండి, దాని జిగురు మరక అసలు వదలదు. ఎండ తగలని గోడకు వేలాడదీయండి.

ప్రశ్న: సరే. ఇరవై యూరోలే పెట్టాను. ఫ్రేము బాగుంది, ఉంచుకుంటాను.