క్రిటీరియంలో ముగ్గురం అమ్మాయిలం: ఎవరు ఎవరికోసం తొక్కాలి?

పెన్నా గట్టు (నెల్లూరు)

అందరికీ నమస్తే. మేం ముగ్గురం పొద్దున్నే మైపాడు రోడ్డులో సైకిల్ తొక్కుతుంటాం. వచ్చే నెల చెన్నైలో ఆడవాళ్ల క్రిటీరియం (మూసేసిన రోడ్ల మీద చిన్న చుట్టునే మళ్లీ మళ్లీ తిరిగే సైకిల్ రేసు) ఒకటి ఉంటే పేర్లు ఇచ్చేశాం. కిలోమీటరు చుట్టు, 30 నిమిషాలు, ఆ పైన మూడు ల్యాపులు. మాలో నర్సుగా చేసే అక్క ఎదురుగాలిలో కూడా గంటసేపు ఒకే వేగంతో లాగుతుంది, మలుపొస్తే మాత్రం బ్రేకు వదలదు. డిగ్రీ చదివే చిన్నమ్మాయికి స్ప్రింట్ ఉంది, ఓపిక లేదు. నేను రెండింటిలోనూ మధ్యరకం. నర్సక్కేమో "గెలిచేది ఒక్కరే గదా, ఇంక టీమ్ ఏంది, ఎవరి రేసు వాళ్లది" అంటోంది. ఇంత చిన్న చుట్టులో, ముగ్గురితో, టీమ్‌గా తొక్కేది ఉంటుందా? ఉంటే ఎట్టా?

వాట్స్ వీరుడు

టీమ్ గీమ్ ఏం లేదండీ, అరగంట రేసుకి. ఎఫ్‌టీపీ (గంటసేపు ఆగకుండా తొక్కగల బలం, వాట్లలో) పెంచుకోండి, ముందుండి తొక్కండి. బలమున్నోళ్లు గెలుస్తారు.

కొత్తపట్నం గాలి (ఒంగోలు)

పై సలహా వింటే మీ నర్సక్క అరగంటసేపు అందరినీ తన వెనక దాచుకుని తిప్పి, ఆఖరి వంద మీటర్లలో పదిమందికి దారిస్తుంది. ముందు మనిషి చక్రం వెనకే అతుక్కుని తొక్కితే, వేగాన్ని బట్టి పాతిక శాతం నుంచి మూడో వంతు దాకా శ్రమ మిగులుతుంది. అంటే ముందు లాగేవాళ్లు ఎంత గట్టివాళ్లయినా వెనకవాళ్లకు ఊడిగం చేస్తున్నట్టే. ఆ ఊడిగం అవతలివాళ్ల చేత చేయించడమే టీమ్ పని.

ఉద్యోగానికి అమెరికాలో ఉన్నప్పుడు కింది కేటగిరీలో ఈ రేసులే తొక్కేదాన్ని. ఊరి నడిబొడ్డున నాలుగు వీధులు మూసేసి పెడతారు. మీ ముగ్గురికి నా లెక్క చెప్తా విను.

రేసు సగమయ్యాక నర్సక్కను పంపండి. మెల్లగా వేగం పెంచడం కాదు, గుంపు పక్కనుంచి ఒక్కసారిగా లేచి దూరం తీయాలి. అప్పుడు మీరిద్దరూ ఏం చేయాలంటే, ఏమీ చేయకూడదు. అన్నిటికన్నా కష్టం ఇదే. అక్కను పట్టుకోవడానికి ఎవరు లేస్తే వాళ్ల చక్రం వెనక చేరండి. "నువ్వూ కాసేపు లాగు" అని మోచెయ్యి ఆడిస్తారు, తిడతారు కూడా. పట్టించుకోవద్దు. "ముందు మా మనిషి ఉంది, నేనెందుకు లాగాలి" అనేది సైకిల్ రేసుల్లో అందరూ ఒప్పుకునే సాకు. అక్క దొరికిపోయిందా, పట్టుకున్నవాళ్ల రొప్పు తగ్గకముందే నువ్వు లేవాలి. మళ్లీ వాళ్లే లాగాలి.

చిన్నమ్మాయి ఆఖరిదాకా ఎవరో ఒకరి చాటునే ఉండాలి. మధ్యలో గంట కొట్టి ప్రీమ్ అంటారు, ఆ ల్యాపు ముందు ముగించినవాళ్లకు చిన్న బహుమతి. దానికి ఆశపడనివ్వొద్దు. ప్రీమ్ స్ప్రింట్ అవగానే ముందున్నవాళ్లు తల దించి ఊపిరి తీసుకుంటారు. నీకో అక్కకో అదే అదను.

బలం ఒక్కటే చాలదనడానికి టోక్యో ఒలింపిక్స్ రోడ్డు రేసు ఉంది. అది క్రిటీరియం కాదులే, అయినా చెప్తా. 2021 జులై 25న నెదర్లాండ్స్ తరఫున వాన్ వ్లూటెన్, వాన్ డర్ బ్రెగ్గెన్, వోస్, వోలరింగ్ దిగారు, నలుగురూ హేమాహేమీలు. గెలిచింది మాత్రం ఆస్ట్రియా నుంచి టీమ్ లేకుండా వచ్చిన ఆనా కీసెన్‌హోఫర్, గణితంలో డాక్టరేట్ చేసినావిడ. 137 కిలోమీటర్ల రేసులో మొదట్లోనే ఇంకొందరితో కలిసి గుంపును వదిలి ముందుకెళ్లి, తర్వాత వాళ్లనూ వదిలేసింది. ఒలింపిక్స్‌లో ముందు ఎవరున్నారో టీమ్ వాళ్లు చెప్పే చెవి రేడియోలుండవు. వాన్ వ్లూటెన్ తనే గెలిచాననుకుని చేతులెత్తింది. అప్పటికే 75 సెకన్ల ముందు రేసు అయిపోయింది! మీకూ రేడియో ఉండదు, ముందు ఎవరున్నారో అరిచి చెప్పుకోండి. చెన్నైలో తెలుగు తెలిసినవాళ్లకు కొదవ లేదు గనక కోడ్ మాటలు పెట్టుకోండి.

పెన్నా గట్టు

థాంక్స్ అక్కా. నర్సక్కకు చదివి వినిపించా. "నేను లేచి దొరికిపోతే నాకేంటి మరి?" అంటోంది. ఇంకోటి, అడ్డంగా తొక్కి వెనకవాళ్లను ఆపడం కూడా టీమ్ పనేనని ఇక్కడొకాయన చెప్పాడు. నిజమా?

కొత్తపట్నం గాలి

కాదు, ఆయన మాట వినొద్దు. లాగకపోవడం వేరు, ఆపడం వేరు. అడ్డం తొక్కినా, కావాలని బ్రేకేసినా వెనక పదిమంది పడతారు, అధికారులు చూస్తే రేసులోంచి తీసేస్తారు.

అక్కకేంటంటే, డబ్బు. ప్రొఫెషనల్ టీముల్లో ప్రైజ్ మనీ అందరూ పంచుకోవడం ఆనవాయితీ. మీరూ రైలెక్కకముందే మాట్లాడేసుకోండి, కవరు చేతికొచ్చాక బాగుండదు. పైగా అక్క దొరక్కపోవచ్చు కూడా. వెనక ఎవరూ మనసుపెట్టి లాగకపోతే గెలిచేది ఆమే. చిన్నమ్మాయి అప్పుడు రెండో స్థానానికి స్ప్రింట్ చేసుకుంటుంది.

కావలి పీఈటీ

ముందు ఆమె మలుపుల సంగతి చూడండమ్మా. గుంపులో ముందు ఐదారుగురు బ్రేకు పెద్దగా నొక్కకుండా తిరిగేస్తారు. వెనకవాళ్ల దాకా వచ్చేసరికి ఆగినంత పనవుతుంది, మళ్లీ లేచి తొక్కాలి. ప్రతి ల్యాపులో, ప్రతి మలుపులో ఇదే తంతు. ఎంత ఓపికున్నా పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

రోడ్లు వేసి ఇళ్లు కట్టని వెంచర్లు మీ ఊరి చుట్టూ బోలెడున్నాయి. మా పిల్లలకు ఆదివారం తెల్లవారుజామున అట్లాంటి చోటే నేర్పిస్తా. ముందు చీపురుతో మలుపులో ఇసుక ఊడ్చేయాలి, కంకర రాళ్లు ఏరేయాలి, కుక్కలను చూసుకోవడానికి ఒకరుండాలి. బ్రేకు మలుపుకు ముందే, లోపల కాదు. లోపలి వైపు పెడల్ పైకి, బయటి పెడల్ కిందికి, బరువంతా దాని మీదే. చూపు ముందు చక్రం మీద వద్దు, మలుపులోంచి బయటపడే చోటు మీద ఉండాలి. మొదట ఒక్కరే తిరగండి, తర్వాత ఇద్దరు పక్కపక్కన. భుజం తగిలినా పట్టిన లైన్ మారకూడదు.

వాట్స్ వీరుడు

అంతా బానే ఉంది, కాళ్లలో వాట్లు లేకపోతే ఈ లేవడాలు ఎట్టా అవుతాయి?

కొత్తపట్నం గాలి

అది నిజమే, కాదనను. గుంపులో నిలవలేనివాళ్లకు ఎత్తుగడ ఏం పనికొస్తుంది. ఈ ముగ్గురికి ఆ బెంగ లేదనిపించింది.

పెన్నా గట్టు

సర్క్యూట్ మ్యాప్ పంపించారు. చివరి మలుపు నుంచి ఫినిష్ గీతకు 180 మీటర్లే.

కొత్తపట్నం గాలి

అయితే రేసు ఆ మలుపు ముందే తేలిపోతుంది. నర్సక్క గుంపులో ఉంటే, చివరి ల్యాపు గంట మోగగానే ఎవరూ పక్కనుంచి రాలేనంత వేగంగా సగం చుట్టు లాగాలి. అక్కడి నుంచి మలుపు దాకా నువ్వు, నీ వెనకే చిన్నమ్మాయి. మొదటి ఇద్దరిలో ఉండి బయటపడితే వెనకవాళ్లకు దాటడానికి రోడ్డు మిగలదు. ఆ అమ్మాయి నీకు ఏ పక్కనుంచి వస్తుందో ముందే అనుకోండి, నువ్వు నీ లైన్ వదలొద్దు. పంక్చరైతే ఫ్రీ ల్యాప్ (బాగుచేసుకుని, నష్టం లేకుండా తర్వాతి చుట్టులో గుంపులో కలిసే వీలు) ఎప్పటిదాకా ఇస్తారో కూడా నిబంధనల్లో చూడు, చాలాచోట్ల ఆఖరి ల్యాపుల్లో ఇవ్వరు.

ఫినిష్ రోడ్డు ఏ దిక్కుకుంది? రేసు సాయంత్రమై, గీత తూర్పుకుంటే సముద్రపు గాలి ఎదురు కొడుతుంది. అప్పుడు చిన్నమ్మాయి మలుపు దాటాక కూడా ఇంకో యాభై మీటర్లు నీ చాటునే ఆగాలి.