ఆటలకు పాత డబ్బా మానిటర్ మేలా, కొత్త సన్న స్క్రీన్ మేలా?

ఎస్వీయూ హాస్టల్, తిరుపతి:
అన్నలూ, ఒక మాట తేల్చండి. మానిటర్ కోసం 12 వేలు కూడబెట్టుకున్నాను. 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) ఐపీఎస్, అంటే ఒక రకం ఎల్‌సీడీ సన్న స్క్రీన్ ఒకటి తీసుకుందామని లీలామహల్ వైపు తిరుగుతుంటే, ఒక పాత సామాన్ల కొట్లో 17 అంగుళాల సీఆర్‌టీ, అదే పాత డబ్బా మానిటర్, కనబడింది. ఆన్ చేసి చూపించి, 800 ఇచ్చి తీసుకుపొమ్మన్నాడు. మా రూమ్మేట్ అయితే "షూటింగ్ ఆటలకు దాన్ని మించింది ఇప్పటికీ రాలేదు, దాంట్లో ల్యాగే (ఆలస్యమే) ఉండదు" అంటున్నాడు. నేను ఎక్కువగా ఆడేది వాలరెంట్ అనే షూటింగ్ ఆట, అప్పుడప్పుడు పాత 2డీ ఆటలు. ఏది కొనమంటారు?

గ్రీమ్స్‌పేట, చిత్తూరు:
తమ్ముడూ, ఆ పని చెయ్యొద్దు. నేను ఆ రోజుల్లో నెట్ సెంటర్ నడిపినవాణ్ణి. గదిలో పన్నెండు డబ్బాలు. మే నెలలో మన ఎండకు వాటి వేడి తోడైతే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా చాలేవి కావు. ఒక్కొక్కటి 80 వాట్ల దాకా లాగేది. ఇప్పటి 24 అంగుళాల ఎల్‌సీడీకి అందులో మూడో వంతు చాలు. 60 హెర్ట్జ్ మీద నడిపితే సాయంత్రానికి పిల్లలు కళ్ళు నులుముకుంటూ లేచేవాళ్ళు. ఇంత టెక్నాలజీ వచ్చాక మళ్ళీ అదెందుకు?

బాలాజీ కాలనీ, తిరుపతి:
గ్రీమ్స్‌పేట అన్న చెప్పిన వేడి, కరెంటు, బరువు అన్నీ నిజమే. కళ్ళ మంటకు మాత్రం కారణం 60 హెర్ట్జ్. అదే మానిటర్‌ను 85కి మారిస్తే ఆ రెపరెప చాలామందికి తెలియదు. నెట్ సెంటర్లలో ఆ సెట్టింగ్ ఎవరూ మార్చేవాళ్ళు కాదు, అందుకే సీఆర్‌టీకి ఆ చెడ్డపేరు వచ్చింది.

నా టేబుల్ మీద రెండూ ఉన్నాయి. ఒక 17 అంగుళాల డబ్బా, పక్కన 144 హెర్ట్జ్ ఐపీఎస్. ఒకే పాత ఆటను రెండింట్లో పక్కపక్కన పరిగెత్తిస్తే తేడా ఎవరికైనా కనబడుతుంది. సీఆర్‌టీలో బొమ్మ కదులుతున్నా గీత గీతగా నిలుస్తుంది, ఐపీఎస్‌లో అంచులు అలుక్కుపోతాయి.

దీనికి కారణం హెర్ట్జ్ ఒక్కటే కాదు. ప్రతి ఫ్రేమూ, అంటే ఒక్కో బొమ్మ, తెర మీద ఎంతసేపు నిలిచి ఉంటుందన్నది అసలు లెక్క. సీఆర్‌టీలో ఎలక్ట్రాన్ల ధార తగిలినప్పుడు తెర లోపలి ఫాస్ఫర్ పూత వెలిగి, దాదాపు ఒక మిల్లీసెకనులోనే చాలావరకు ఆరిపోతుంది. మిగతా సమయమంతా అక్కడ చీకటే. ఎల్‌సీడీలో అలా కాదు, తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా పాతది వెలుగుతూనే ఉంటుంది. మన కన్నేమో బొమ్మ వెంట ఆగకుండా జరుగుతుంటుంది. అందుకే అలుకుడు. సెకనుకు 1000 పిక్సెళ్ళు జరిగే బొమ్మను తీసుకోండి. 60 హెర్ట్జ్ ఎల్‌సీడీలో దాదాపు 17 పిక్సెళ్ళ మేర చెదురుతుంది, 144లో 7. సీఆర్‌టీలో ఒకటి, మహా అయితే రెండు.

పైగా సీఆర్‌టీకి ఇన్ని పిక్సెళ్ళే నా సొంత రిజల్యూషన్ అన్న పట్టింపు లేదు. 640x480 ఇచ్చినా చక్కగా నింపుతుంది. పాత 2డీ ఆటలు అందులో చూస్తే అవి గీసినవాళ్ళు చూసినట్టే మనమూ చూస్తాం. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

గ్రీమ్స్‌పేట, చిత్తూరు:
అన్నా, స్పష్టత గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ తమ్ముడు ఆడేది వాలరెంట్. శత్రువు మూల దాటి వస్తే ఎంత త్వరగా కనబడతాడన్నది అక్కడ ముఖ్యం. 85 హెర్ట్జ్‌లో కొత్త ఫ్రేమ్ దాదాపు 12 మిల్లీసెకన్లకు ఒకటి వస్తుంది, 144లో 7కి ఒకటి. ల్యాగే ఉండదన్న మాట ఎలా నిలుస్తుంది? ఓఎల్‌ఈడీ (వెనక లైటు లేకుండా ప్రతి పిక్సెలూ తానే వెలిగే తెర) సంగతీ మరిచిపోయారు. 2024లో 480 హెర్ట్జ్‌వి వచ్చాయి. మీ లెక్క ప్రకారమే అందులో చెదిరేది 2 పిక్సెళ్ళు. నలుపు కూడా నిజమైన నలుపు.

బాలాజీ కాలనీ, తిరుపతి:
ఒప్పుకున్నానన్నా. సీఆర్‌టీ లోపల బొమ్మను ఆపి సవరించే పని లేదు గనుక సిగ్నల్ వచ్చింది వచ్చినట్టు గీస్తుంది. రూమ్మేట్ చెప్పింది అంతవరకే నిజం. ఫ్రేమ్ ఆలస్యంగా వస్తే డబ్బా మాత్రం ఏం చేస్తుంది? 480 ఓఎల్‌ఈడీ గురించి మీ మాటే మాట, దాదాపు సమానమే. కానీ అంత వేగం కావాలంటే గ్రాఫిక్స్ కార్డు కూడా సెకనుకు 480 ఫ్రేములు ఇవ్వాలి. 60కే కట్టేసిన పాత ఆటను ఓఎల్‌ఈడీ కూడా 60 లాగే చూపిస్తుంది, మధ్యలో నల్ల ఫ్రేములు చొప్పించే ఆప్షన్ ఉంటే తప్ప. పైగా ఆ స్క్రీన్ తమ్ముడి 12 వేలకు రాదు.

తమ్ముడూ, వాలరెంట్‌కు 144 ఐపీఎస్ తీసుకో. మోషన్ బ్లర్ తగ్గించే ఆప్షన్ ఉన్న మోడల్ చూడు. అది వేస్తే వెనక లైటు ఫ్రేమ్‌కొకసారి మెరిసి ఆరుతుంది, దాదాపు సీఆర్‌టీ పద్ధతే. వెలుతురు మాత్రం తగ్గుతుంది. ఇంకో 800 మిగిలితే డబ్బా కూడా తెచ్చుకో. కొత్త గ్రాఫిక్స్ కార్డులకు వీజీఏ (పాత మానిటర్ల కేబుల్ తగిలించే చోటు) ఉండదు కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కొనాలి. ఎంత దుమ్ము పట్టినా వెనక మూత విప్పొద్దు. లోపల 20 వేల వోల్టులు దాటే భాగం ఉంటుంది, ప్లగ్ పీకినా ఆ చార్జ్ అలాగే నిలిచి ఉండొచ్చు.

ఎస్వీయూ హాస్టల్, తిరుపతి:
ఐపీఎస్ ఖాయం చేసుకున్నానన్నా. డబ్బా మీదా మనసు పోవడం లేదు. ఆదివారం మా రూమ్మేట్‌తో కలిసి బైక్ మీద తెచ్చుకోవచ్చా?

బాలాజీ కాలనీ, తిరుపతి:
బైక్ వద్దు, ఆటో పెట్టుకో. ఎత్తేటప్పుడు అద్దం వైపు గుండెకు ఆనించుకో, బరువంతా ముందరే ఉంటుంది. తీసుకునే ముందు అరగంట ఆన్‌లో ఉంచమను. వేడెక్కాక కూడా అక్షరాలు మూలల్లో చెదరకుండా ఉంటేనే డబ్బులివ్వు.