పాల్ బన్యన్ కూలీల వీరుడా, కలప కంపెనీ కల్పనా?

చర్చాంశం:
అమెరికాలోని మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రాల్లో తెల్ల పైన్ అడవులు నరికిన కూలీల వీరుడిగా కథల్లో పాల్ బన్యన్ ప్రసిద్ధుడు. బేబ్ అనే నీలి ఎద్దుతో అడవులకు అడవులే కొట్టేసిన ఈ మహాకాయుడికి మిన్నెసోటాలోని బెమిడ్జిలో 1937లో 18 అడుగుల విగ్రహం నిలిపారు. అయితే జానపద పరిశోధకుడు రిచర్డ్ డార్సన్ 1950లో ఈ కథలను ‘ఫేక్‌లోర్’, అంటే నకిలీ జానపదం, అని తేల్చాడు. ఆ తీర్పు న్యాయమేనా?

మొదటి సభ్యుడు:
న్యాయమే. బన్యన్ పేరును దేశమంతటా పాకించింది రెడ్ రివర్ లంబర్ కంపెనీ. మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియాలోని వెస్ట్‌వుడ్‌కు తరలిన ఆ కంపెనీ 1914లో విలియం లాహెడ్ చేత ప్రచార పుస్తకం రాయించి పంచిపెట్టింది. సరుకు అమ్ముకోవడానికి యజమాని చెప్పించిన కథ కూలీల కథ ఎలా అవుతుంది? దుంగల కింద నలిగి చనిపోయిన మనిషి అందులో ఎక్కడా కనిపించడు.

రెండవ సభ్యురాలు:
మీ అభ్యంతరంలో బలముంది గాని, కాలక్రమం దానికి అడ్డు వస్తోంది. 1904లోనే మిన్నెసోటాలోని డులూత్ నగర పత్రిక ఒకటి బన్యన్‌ను ప్రస్తావించింది. 1906లో జేమ్స్ మెక్‌గిలివ్రే రాసిన ‘గుండ్రటి నది’ కథ మిషిగన్‌లోని ఆస్కోడా పత్రికలో అచ్చయింది. దుంగలను నదిలో తేలుస్తూ పోయిన కూలీలకు దారిలో ఒక శిబిరం తగులుతుంది, కొన్నాళ్లకు అలాంటిదే మరొకటి తగులుతుంది. చివరికి అది తమ శిబిరమేననీ, ఆ నదికి మొదలూ చివరా లేవనీ తెలుసుకుంటారు. చలికాలమంతా కొట్టిన దుంగలను వసంతంలో నది మీద మిల్లుకు చేర్చడమే బతుకైన వారికి, ఆ శ్రమంతా వృథాగా పోవడం ఎంత భయంకరమో వేరే చెప్పనక్కరలేదు. ఏ ప్రచార విభాగానికీ అవసరం లేని కథ ఇది.

ఇంకా విచిత్రమేమిటంటే, నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ కంపెనీ పుస్తకంలోనే ఉంది. అమెరికా భూ సర్వేలో టౌన్‌షిప్ అనే కొలత ప్రాంతం అంటే 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. బేబ్ ఒక్కో సెక్షన్‌ను నేలతో సహా నది ఒడ్డుకు లాక్కొస్తే, చెట్లు కొట్టాక మళ్లీ యథాస్థానానికి చేర్చేవారట. రోజుకు ఆరు చొప్పున ఆరు రోజుల్లో టౌన్‌షిప్ పూర్తయ్యేది. 37వ సెక్షన్‌ను మాత్రం శనివారం రాత్రి ఒడ్డునే వదిలేయడంతో అది వరదకు కొట్టుకుపోయిందట, అందుకే ఏ పటంలోనూ కనిపించదట. నలభై ఎకరాలు కొని దాని చుట్టూ ఉన్న అడవిని కూడా నరుక్కుపోవడం ఆనాటి కలప దొంగతనాల్లో మామూలు పద్ధతి. పటంలో లేని భూమి మీది కలప అంటే దొంగ కలపేనని ఆ కూలీలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. లాహెడ్ కూడా యౌవనంలో మిన్నెసోటా శిబిరాల్లో పనిచేసినవాడే కనుక, జీతం ఎవరు ఇచ్చినా, అతని చెవిన పడిన మాటలు శిబిరాలవేనని నేను నమ్ముతాను.

మొదటి సభ్యుడు:
తేదీలను ఒప్పుకుంటాను. కాని 1906 నాటి కథ రాసింది కూడా పత్రికా రచయితే కదా! కూలీల నోటి నుంచి నేరుగా సేకరించిన ఆధారం కావాలి.

రెండవ సభ్యురాలు:
ఉంది. బెర్నిస్ స్టీవర్ట్, హోమర్ వాట్ కలప పనివారి నుంచి సేకరించిన బన్యన్ కథలను 1916లో విస్కాన్సిన్‌లో ప్రచురించారు. లాహెడ్ పుస్తకం విస్తృత రూపంలో వచ్చింది 1922లో. ఈ సేకరణను పక్కన పెట్టి మొత్తం సంప్రదాయాన్ని నకిలీ అనడం ఆ కూలీలకు అన్యాయం.

మూడవ సభ్యుడు:
మీరిద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది. ఆ పైన్ నేలల్లో చాలా భాగం అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలది. 1837 ఒప్పందంతో నేటి విస్కాన్సిన్, మిన్నెసోటాల్లోని విశాల ప్రాంతం వారి చేతి నుంచి ప్రభుత్వానికి పోయింది. కథల్లోని అడవి మాత్రం ఎవరూ లేని అడవి. కూలీలు చెప్పినా కంపెనీ చెప్పినా ఈ లోపం అలాగే ఉంది.

రెండవ సభ్యురాలు:
నిజమే, దాన్ని కంపెనీ మీదికి నెట్టలేను. నా కోరిక ఒక్కటే: పిల్లల పుస్తకాల్లో బన్యన్ కథలు వేసేవారు ఏ కథ ఏ సంవత్సరంలో, ఎవరి ద్వారా అచ్చుకెక్కిందో చెప్పాలి, అది ఎవరి అడవిలో జరిగినట్టు చెబుతున్నారో కూడా పక్కనే రాయాలి.