ఎండ్రకాయలు తిన్న మూడు నెలలకు దగ్గు: కడుపులోకి పోయిన పురుగు ఊపిరితిత్తుల్లోకి ఎలా వచ్చింది?

ప్రశ్న: నమస్కారమండీ, మాది నెల్లూరు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. మా ఆయన మూడు నెలల క్రితం మణిపూర్ వెళ్లి, వాగులో పట్టిన ఎండ్రకాయలు సరిగ్గా ఉడకనివి తిన్నారు. ఇప్పుడు ఒకటే దగ్గు, గళ్ల తుప్పు రంగులో పడుతోంది. టీబీ పరీక్షలో రెండుసార్లూ లేదనే వచ్చింది. ఊపిరితిత్తుల పురుగేమోనని డాక్టరు గారి అనుమానం. తిన్నది కడుపులోకి కదా పోయేది? చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: అమ్మా, నేను ఇక్కడే ఒక ల్యాబులో కఫం పరీక్షలు చేస్తాను. డాక్టరు గారి అనుమానం సబబైనదే. ఆ పురుగు పేరు పారగోనిమస్. మణిపూర్ వైపు వాగు పీతల్లో దాని పిల్లలు తిత్తి కట్టుకుని ఉంటాయి.

ముదురు మటన్‌లో పచ్చి బొప్పాయి ముక్క వేస్తే మెత్తబడుతుంది కదా? ఆ పని చేసేది పపైన్ అనే ఎంజైము. ఈ పురుగు వదిలేవాటిలో ముఖ్యమైనవి కూడా ఆ కుటుంబంవే, సిస్టీన్ ప్రోటియేజులంటారు. చిన్నపేగులో తిత్తి విడగానే పిల్ల పురుగు వాటితో పేగు గోడ కండను కరిగించుకుంటూ పొట్ట కుహరంలోకి, అక్కణ్ణుంచి డయాఫ్రం (పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండర పొర) దాటి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. దాని మీదికి మన ఒళ్లు పంపే యాంటీబాడీలను కూడా ఇవే ముక్కలు చేస్తాయి. అయినా ఆ ఎంజైముల మీద తయారైన యాంటీబాడీలు రక్తంలో దొరుకుతాయి, రక్తపరీక్షతో దీన్ని పట్టుకునేది అలాగే.

ముఖ్యమైన మాట: ఊపిరితిత్తుల్లోని పురుగు పెట్టే గుడ్లు కఫంలో పడతాయి, కానీ టీబీ కోసం వేసే రంగులో ఆ గుడ్లు పాడైపోతాయి. అందుకే కఫాన్ని రంగు వేయకుండా, పురుగు గుడ్ల కోసమని విడిగా చూడమని అడగండి. బంగారు గోధుమ రంగులో, ఒక కొసన చిన్న మూతతో ఉంటుంది గుడ్డు. ఒకసారి కనబడకపోతే మళ్లీ కఫం ఇవ్వండి. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల కణాలు ఎంత ఉన్నాయో కూడా చూపించండి.

మందు ఉందమ్మా, ప్రాజిక్వాంటెల్. బరువును బట్టి కిలోకు 25 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, మామూలుగా 2 రోజులు. డాక్టరు రాస్తేనే వేయండి. తలనొప్పి ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, ఈ పురుగు అరుదుగా మెదడుకూ పోతుంది.

ప్రశ్న: పిల్లలకు అంటుకుంటుందా అండీ?

జవాబు: అంటుకోదమ్మా. గుడ్డు నీళ్లలో పడి, నత్తలో పెరిగి, పీతలోకి చేరితేనే మళ్లీ మనిషికి వచ్చేది. ఒకే కంచంలో తిన్నా భయం లేదు. వాగు పీతలు కోసిన కత్తి, పీట మాత్రం బాగా కడగాలి, వాటికి అంటిన రసంలో తిత్తులు ఉండొచ్చు.