అప్‌డేట్: మా నాయన బీపీ, అవిసె గింజలు

రెండు నెలల కింద ఇక్కడే అడిగింటి. అనంతపురంలో ఉండే మా నాయనకు 62 ఏళ్లు, మాత్ర వేసుకుంటున్నా బీపీ 150/94 దగ్గరే ఉంది, అవిసె గింజలు పెట్టొచ్చా అని.

మొదటి నెల ఏమీ తగ్గలేదు. తప్పు మాదే. గింజలు ఉన్నవున్నట్టే మజ్జిగలో వేసిచ్చినాం. నమలకుంటే అవి అట్లనే బయటికి పోతాయంట. తర్వాత అమ్మ వేయించి పొడి కొట్టింది. శెనక్కాయల పొడి అలవాటు కదా, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, వాటితో గుప్పెడు రాళ్లుప్పు! జొన్నరొట్టెలోకి రోజూ మూడు స్పూన్లు. బీపీకి మందని ఉప్పు తినిపించినాం. "ఉప్పు లేకుంటే అది దాణా" అని అమ్మ వాదన.

డాక్టరు మాత్ర ఆపొద్దన్నాడు, ఉప్పు అన్నిట్లో కలిపి రోజుకు 5 గ్రాముల లోపే అన్నాడు. మీలో ఒకరు చెప్పిన 2013 కెనడా అధ్యయనం చూసినా. రోజుకు 30 గ్రాముల పొడితో ఆరు నెలలకు పై బీపీ సుమారు 10, కిందిది 7 తక్కువ. కానీ అది కాళ్ల రక్తనాళాలు పూడుకున్న 110 మంది మీద చేసింది, మా నాయనకు ఆ జబ్బు లేదు.

ఇప్పుడు ఉప్పు లేని పొడి రెండు స్పూన్లు మజ్జిగలో, మాత్రకు రెండు గంటల ఎడంతో. నాలుగు రోజులకు సరిపడానే కొట్టి ఫ్రిజ్‌లో పెడుతున్నాం, ముందు డబ్బా ముక్కిపోయింది.

నిన్న 138/86. ఇది గింజల పనా, ఊరగాయ జాడీ అటకెక్కినందుకా? నాకైతే జాడీ మీదే అనుమానం. నాయన మాత్రం రోజూ అటక వైపే చూస్తున్నాడు.