టెక్సాస్ గన్ లైసెన్స్ న్యూజెర్సీలో చెల్లుతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం, నాకు గ్రీన్ కార్డ్ ఉంది, పోయినేడాది టెక్సాస్ ఎల్‌టీసీ, అంటే గన్ వెంట పెట్టుకు తిరిగే లైసెన్స్ తీసుకున్నాను. వచ్చే నెల పిల్లల్ని తీసుకుని కారులో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అక్క వాళ్లింటికి వెళ్తున్నాం. దారిలో రాత్రిళ్లు మోటెళ్లలో ఆగాలి కదా, గన్ వెంట ఉంటే ధైర్యం అనిపిస్తోంది. డ్రైవింగ్ లైసెన్స్ లాగే ఇదీ అన్ని రాష్ట్రాల్లో చెల్లుతుందని ఆఫీసులో ఒకాయన అన్నారు. నిజమేనా?

మొదటి జవాబు:
కాదు తమ్ముడూ, దయచేసి ఆ మాట నమ్మి బయల్దేరకు. బయటి లైసెన్స్‌లలో దేన్ని ఒప్పుకోవాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకుంటుంది. ఆర్కాన్సా, టెనెసీ నీ లైసెన్స్‌ని గుర్తిస్తాయి, కానీ న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, మేరీలాండ్ బయటి రాష్ట్రాల పర్మిట్ దేన్నీ గుర్తించవు. నువ్వు ఐ-81 హైవే మీద వెళ్తే హేగర్స్‌టౌన్ దగ్గర మేరీలాండ్ పన్నెండు మైళ్లే తగులుతుంది, ఆ పన్నెండు మైళ్లకీ అక్కడి చట్టమే.

న్యూజెర్సీలో అయితే పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్‌తో దొరికితే 5 నుంచి 10 ఏళ్ల శిక్ష పడే నేరం. 2013లో ఫిలడెల్ఫియాకి చెందిన ఒక తల్లి, ఇద్దరు పిల్లలున్నావిడ, పెన్సిల్వేనియా పర్మిట్ అక్కడ కూడా పనిచేస్తుందనుకుని, ట్రాఫిక్ స్టాప్‌లో పోలీసుకి తనే గన్ ఉందని చెప్పి అరెస్టయింది. 2015లో గవర్నర్ క్షమాభిక్ష పెట్టేదాకా ఆ కేసు ఆమెను వదల్లేదు. నిజం చెప్పినావిడకే అలా అయిందని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అమ్మో. మరి బుల్లెట్లు తీసేసి, తాళం వేసి ట్రంక్‌లో పెడితే? దానికి ఫెడరల్ చట్టం ఉందంటారు కదా అన్నా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఉంది, 1986 నాటిది. కానీ అది ఒక రాష్ట్రం మీదుగా దాటిపోయేవాళ్ల కోసం. బయల్దేరే చోటా, చేరే చోటా రెండింట్లోనూ గన్ పెట్టుకు తిరిగే హక్కు నీకు ఉండాలి, నువ్వు చేరేదే న్యూజెర్సీ కాబట్టి ఆ రక్షణని నమ్ముకోలేవు. ఒక యూటా ఆయన ఫ్లైట్ తప్పిపోయి న్యూజెర్సీలోని నెవార్క్‌లో ఒక రాత్రి హోటల్లో ఉన్నాడు, గన్ ఉన్న బ్యాగ్ ఆయన చేతికొచ్చింది, పొద్దున ఎయిర్‌పోర్ట్‌లో తనే చెప్పి అరెస్టయ్యాడు. ఆ రాత్రికి ఈ చట్టం వర్తించదని అప్పీల్ కోర్టు 2010లో తేల్చింది.

రెండో జవాబు:
అన్న చెప్పింది కరెక్ట్, గన్ ఇంట్లో సేఫ్‌లో పెట్టి వెళ్లండి. ఇంకోటి, బడులకి వెయ్యి అడుగుల్లోపు గన్ ఉండకూడదనే ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్‌కే. అంటే టెనెసీ మీ లైసెన్స్‌ని గుర్తించినా, మోటెల్ వెతుక్కుంటూ ఊళ్లోకి వెళ్తే అక్కడ చిక్కే.

మీ ఆవిడ వీసా ఏంటండీ?

ప్రశ్న అడిగినవారు:
హెచ్‌వన్ అండీ. సేఫ్ నంబర్ తనకీ తెలుసు, ఎందుకు?

రెండో జవాబు ఇచ్చినవారు:
అయితే ఈ రోజే నంబర్ మార్చేయండి. హెచ్‌వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర గన్ ఉండటమే ఫెడరల్ నేరం, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. సేఫ్ నంబర్ తెలిస్తే గన్ ఆవిడ దగ్గర ఉన్నట్టే లెక్కేయొచ్చు. ముందుముందు ఆవిడకి రావాల్సిన గ్రీన్ కార్డ్‌కే ఎసరు రావచ్చు, ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.